లారీ ముందద్దంలో మరక

గద్వాలలో నాకొక ఫోటో స్టూడియో ఉంది. ఇప్పుడు దాన్ని స్టూడియో అంటున్నది పైన వేలాడే బోర్డు, కింద కూర్చునే నేను, అంతే. లోపల ఒక కంప్యూటరు, ఒక స్కానరు, మా ఆవిడ చూసుకునే జిరాక్సు మిషను, పాస్‌పోర్టు ఫోటో దిగేవాళ్లకు ఒక స్టూలు, దాని వెనక వెలిసిపోయిన నీలం గుడ్డ. పెళ్లిళ్లకు కొత్త పిల్లలు వచ్చి డ్రోనులు ఎగరేస్తున్నారు. నాకు మిగిలినవి పటాలు. ఇంట్లో పెద్దవాళ్లు పోతే ఎక్కడో ఉన్న పాత ఫోటో వెతికి తెస్తారు. దాన్ని పెద్దది చేసి, మరకలు తుడిచి, రంగులద్ది, ఫ్రేము కట్టి ఇస్తాను. పెద్దల అమావాస్యకు, మా వైపు పెత్రమాస అంటారు, నెల ముందు నుంచి నాకు అన్నం తినే తీరిక కూడా ఉండదు.

ఈ పనికి ఒక పద్ధతి ఉంది. పోయినవాళ్లకు సొంత ఫోటో అంటూ ఎప్పుడూ ఉండదు. ఎవరి పెళ్లిలోనో వెనక వరుసలో నిలబడ్డదో, కొత్తగా కొన్న ఎడ్ల పక్కన నిలబడ్డదో ఉంటుంది. అందులోంచి తల ఒక్కటి తీసుకుంటాం. మెడ కింద కోటు తొడుగుతాం. వెనక జలపాతమో, గులాబీ తోటో పెడతాం. పాలమూరు మెట్టచేలల్లో బతుకంతా చెప్పులు లేకుండా నడిచిన ఎంతమంది రైతులు నా చేతి మీదుగా టై కట్టుకొని గోడెక్కారో లెక్కలేదు. మిగిలిన ఫోటో, అంటే ఆ పెళ్లిపందిరి, ఆ ఎడ్లు, పక్కన నిలబడ్డ మనుషులు, మాకు చెత్త. ఒకప్పుడు కత్తెరతో తీసేవాణ్ణి, ఇప్పుడు మౌసుతో తీస్తున్నాను. తుడవడంలో నన్ను మించినవాడు గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు మూడు జిల్లాల్లోనూ లేడని నాకు పొగరు. ఆ పొగరుతో ఏం చేశానో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

దానికి ముందు నా లారీల పిచ్చి సంగతి చెప్పాలి.

మా చిన్నప్పటి ఇల్లు నాగర్‌కర్నూలులో, రోడ్డు మలుపులో. లారీలన్నీ మా గుమ్మం ముందు వేగం తగ్గించేవి. ఇప్పటి చదును మొహాల లారీలు కావు. ముందు మూతి పొడుచుకొచ్చి, ఆ మూతికి రెండు పక్కలా గుడ్లు తేలేసినట్టు లైట్లుండేవి. క్యాబిన్ అంతా చెక్కే. పొద్దున్నే ఇనుప రాడ్డు ముందు దోపి తిప్పితే తప్ప ఇంజను లేచేది కాదు. రాడ్డు వెనక్కి తన్నితే చెయ్యి విరిగేది, అట్లా చెయ్యి వంకర పోయిన డ్రైవర్లు ఊరికిద్దరు ఉండేవాళ్లు. పల్లికాయ బస్తాల వాసన, డీజిల్ వాసన కలిసిన గాలి ఇప్పుడు ఎక్కడైనా తగిలితే నేను నడక ఆపేస్తాను.

బస్సు తప్పిపోతే మా నాయన లారీ ఆపేవాడు. అట్లా ఎన్నోసార్లు వనపర్తికి లారీలో పోయాం. క్యాబిన్‌లో నలుగురికి చోటుంటే ఎనిమిది మందిమి ఉండేవాళ్లం. నన్ను ఇంజనుకు ఆనుకొని ఉన్న రేకు డబ్బా మీద కూర్చోబెట్టేవాళ్లు, అది కాలి తొడలు ఎర్రబడేవి. ఇక నిండింది, ఊపిరి ఆడదు అనుకున్నప్పుడు డ్రైవరు మళ్లీ లారీ ఆపి, కింద ఉన్నవాణ్ణి చూసి మావైపు తిరిగేవాడు. "జర జరుగుండ్రి." అందరూ సణుక్కుంటూనే జరిగేవాళ్లు. ఎక్కడి నుంచి వచ్చేదో తెలియదు, ఇంకొకడికి జాగా వచ్చేది. దిగు అన్న మాట ఆ క్యాబిన్లలో నేను వినలేదు.

ఆ పిచ్చి ముదిరి, పటాల కోసం వచ్చిన ఫోటోల్లో లారీ గానీ, పాత బజారు గానీ కనిపిస్తే ఒక కాపీ నాకోసం దాచుకోవడం మొదలుపెట్టాను. అడిగి దాచుకున్నానా అంటే లేదు. నా దగ్గర వనపర్తి బజారు ఫోటో ఒకటి ఉంది. నాలుగు లారీలు వరసగా నిలబడి ఉంటాయి, ఒకదాని కింద కుక్క పడుకొని ఉంటుంది, బట్టల దుకాణం బోర్డు సగం తెలుగులో, సగం ఉర్దూలో ఉంటుంది. అయిజ నుంచి రాయచూరు పోయే రోడ్డు మీద దారి తప్పినట్టు నిలబడ్డ ఒక ఒంటరి లారీ ఉంది, వెనక తలుపు మీద నెమలి బొమ్మ. ఇటువంటివి పంచుకోవడానికి ఫోన్లో మాకొక గ్రూపు ఉంది. మూడూళ్లవాళ్లమూ ఉంటాం. అందులో వనపర్తి రిటైర్డు పంతులు ఒకాయన నేను ఒకటి పెడితే రెండు పెడతాడు, పైగా లారీ ఏ కాలందో నంబరు పలక చూసి చెప్పేస్తాడు. ఆయన నోరు ఒక్కసారైనా మూయించాలని నాకు చాలా రోజుల కోరిక. ఈ వయసులో ఇదేం కోరిక అని మా ఆవిడ అనేది. వినలేదు.

నిరుడు పెద్దల అమావాస్యకు నెల ముందు, ఎండ చల్లబడే వేళ, అమరచింత నుంచి ఒక ముసలామె వచ్చింది. ఎనభైకి దగ్గరగా ఉంటుంది. కాలేజీ చదివే మనుమరాలు చెయ్యి పట్టుకొని మెట్లెక్కించింది. చంకలో పాత చీర ముక్కలో చుట్టిన ఫ్రేము. విప్పి నా బల్ల మీద పెట్టింది.

"మా ఇంటాయన, సారూ. లారీ నడిపేటోడు. పోయి ఏడాది నిండుతది. పెత్రమాసకు పటం కావాలె. జర పెద్దగ చేసియ్యి."

నేను ఫోటో చూసి లేచి నిలబడ్డాను. నిజంగానే లేచాను. గద్వాల కోటకు పోయే రోడ్డు మధ్యలో, మూతి లారీ ఒకటి నిండుగా నిలబడి ఉంది. ముందు చక్రానికి కాలు ఆనించి, చేతులు కట్టుకొని, ఖాకీ చొక్కాలో సన్నటి మనిషి నవ్వుతున్నాడు. వెనక దుకాణాల మీద రేకులు, మూలకు రెండు సైకిళ్లు, ఒక ఎడ్లబండి తోక. పంతులు దగ్గర ఇటువంటిది లేదు. ఉండే అవకాశమే లేదు.

ఫోటో మాత్రం బాగా దెబ్బతిన్నది. ఏ వానాకాలంలోనో చెమ్మ లోపలికి దిగి ఫోటో అద్దానికి అతుక్కుపోయింది. లారీ ముందద్దం ఉన్నచోట గట్టిగా పట్టుకుంది. ఆ చోటే ఒక పక్క మసక మరక కూడా ఉంది.

"తల ఒక్కటి తీసి కోటు తొడగమంటవా అమ్మా?" అని అలవాటు కొద్దీ అడిగాను.

"ఒద్దు ఒద్దు. లారీ మొత్తం రావాలె. ఏం కోసెయ్యకు." తర్వాత నా మణికట్టు మీద చెయ్యి వేసి, "అద్దం మటుకు తియ్యకు బిడ్డా. అతుక్కపోయింది, తీస్తె ఊడొస్తది. ఇంట్ల గూడ ఎవ్వల్ని ముట్టనియ్యలె," అంది.

"తియ్యనమ్మా, పానం లెక్క చూసుకుంట," అన్నాను. ఆ మాట అన్నది నేనే. మా ఆవిడ జిరాక్సు మిషను దగ్గరి నుంచి విన్నది.

వాళ్లు మెట్లు దిగారో లేదో, ఫోన్ తీసి ఫ్రేమును ఉన్నదున్నట్టు ఫోటో కొట్టి గ్రూపులో పడేశాను. కింద ఒకటే మాట రాశాను: "రేపు చూడుండ్రి దీని తమాషా." ఆ తర్వాత వెనక చెక్క ఊడదీసి, ఫోటోను అద్దంతో సహా స్కానరు మీద బోర్లించాను. అక్కడిదాకా ఇచ్చిన మాట మీదే ఉన్నాను.

పనికి కూర్చున్నాను. గీతలు పోయాయి. బూజు చుక్కలు పోయాయి. డ్రైవరు మొహం తేరుకుంది. ముందద్దంలో మరక దగ్గరికి వచ్చాక రెండు నిమిషాలు పట్టిందేమో. అటు పక్క నుంచి శుభ్రమైన అద్దం కొంచెం తీసుకొచ్చి దాని మీద పరిచాను. అద్దం తళతళలాడింది. కుర్చీలో వెనక్కి వాలి నా పనితనాన్ని నేనే చూసి మురిసిపోయాను. అదే పేరు మీద, పాతదాని మీదే సేవ్ చేసేశాను. ముడి కాపీ వేరే పెట్టుకోవాలని నా దగ్గర పని నేర్చుకున్న ప్రతివాడికీ చెప్పే మనిషిని, నేను ఎప్పుడూ పెట్టుకోలేదు.

తుడిచిన ఫోటో గ్రూపులో పెట్టాక ఫోన్ ఆగకుండా మోగింది. "నిన్ననే షెడ్డు నుంచి దిగినట్టుంది అన్నా," అన్నారు. ఆ రోడ్డు మీద నేను బడికి పోయేవాణ్ణి అని నాగర్‌కర్నూలులో స్థిరపడ్డ ఒకాయన కన్నీళ్ల బొమ్మలు పెట్టాడు. పంతులు మాత్రం అందరూ అయిపోయాక ఒక్క ముక్క రాశాడు. "లారీ బాగున్నది. నంబరు చదవొస్తలేదు. జర సాఫ్‌గ తీసి పంపు."

ఆ ఒక్క ముక్కకే నా బుద్ధి గడ్డి తిన్నది. అద్దంలోంచి స్కాన్ చేస్తే నంబరు పలక అలుక్కుపోయింది నిజమే. ఫోటోను అద్దం నుంచి విడదీసి మళ్లీ చేస్తే అక్షరాలు పైకి వస్తాయి. ఇటువంటివి నీళ్లలో నానబెట్టి పదుల కొద్దీ విడదీశాను, ఇది మాత్రం ఎందుకు రాదు అనుకున్నాను. ఆమె పటానికి నంబరుతో పనే లేదు. పని నాకు. మరునాడు పొద్దున వెడల్పాటి ట్రేలో నీళ్లు పోసి, అద్దంతో సహా ముంచాను. అంచులు చక్కగా లేచాయి. డ్రైవరు లేచాడు. లారీ మూతి లేచింది. నంబరు దగ్గర గోరు దూర్చి కొంచెం లాగాను. మధ్యలోంచి పర్రుమని చిరిగింది. ముందద్దం ఉన్న భాగం నల్లటి పొరలాగా అద్దానికే ఉండిపోయింది. దాన్ని బ్లేడుతో లేపబోతే ముద్దయింది. మిగిలిన కాగితం నా చేతిలో రెండుగా జారింది.

మా ఆవిడ చూసి, "అయ్యో," అంది. అంతే అంది.

భయమేసిందా అంటే వేయలేదు. అదే ఇప్పుడు తలుచుకుంటే నాకు ఎక్కువ సిగ్గుగా ఉంటుంది. స్కాన్ ఉంది కదా, పటం బ్రహ్మాండంగా వస్తుంది కదా, చిరుగు పాతది ఇంట్లో పెట్టుకొని ఆమె ఏం చేసుకుంటుంది అనుకున్నాను. అద్దం కడిగేశాను. ముక్కలు చెత్తబుట్టలో వేశాను. రంగులద్దిన పటానికి మంచి ఫ్రేము ఎంచి కట్టాను. ఖాకీ చొక్కా ఖాకీగానే ఉంచాను, అదేదో పెద్ద త్యాగం చేసినట్టు.

వారం తర్వాత అవ్వా మనుమరాలూ వచ్చారు. పటం బల్ల మీద నిలబెట్టి పైన గుడ్డ తీశాను. తీసేటప్పుడు కొంచెం నాటకం కూడా ఆడాను.

ఆమె మొదట మొగుణ్ణి చూసింది. "వచ్చిండు. నవ్వుతుండు సూడవే," అని మనుమరాలికి చూపింది. పెళ్లికూతురిలా సిగ్గుపడి కొంగు సర్దుకుంది. నేను మెచ్చుకోలు కోసం ఎదురుచూస్తూ నిలబడ్డాను. ఆమె వేలు డ్రైవరు భుజం మీదుగా లారీ మూతి మీదికి, అక్కడి నుంచి ముందద్దం మీదికి పోయింది. అక్కడ ఆగింది. కళ్లు చికిలించి దగ్గరికి వంగింది. వేలితో అద్దం మీద రుద్దింది, దుమ్ము ఉందేమో అన్నట్టు. తర్వాత నావైపు తిరిగింది.

"నేనేడున్న?"

నాకు అర్థం కాలేదు. మనుమరాలికీ అర్థం కాలేదు.

"గీడ నేనుండాలె గద బిడ్డా. లారీల గూసున్న గద. నేనేడ వోయిన?"

స్టూలు మీద కూర్చోబెట్టి మా ఆవిడ నీళ్లిచ్చింది. ఆమె తాగలేదు. గ్లాసు పట్టుకొనే చెప్పింది, నాకు కాదు, మనుమరాలికి.

"లగ్గమైన కొత్తల. మా అత్త నన్ను గడప దాటనియ్యకపోయేది. తల్లిగారింటికి తోలుకపోతనని చెప్పి మీ తాత లారీ ఎక్కిచ్చిండు. సీద గద్వాలకు తెచ్చిండు. గీ రోడ్డు మీద ఫోటోలాయన కనవడ్డడు. నేను దిగవోతుంటె దిగొద్దన్నడు. కొత్త కోడలు బజార్ల నిలవడి ఫోటో దిగిందంటె మా అత్త ఇంట్లకు రానియ్యదాయె. నువ్వు లోపల్నే గూసో, నేను ముందట నిలవడ్త, నా ఫోటోల నువ్వు గూడ వడ్తవు, ఎవ్వలకు తెల్వదు అన్నడు." అక్కడ కొంచెం నవ్వింది. "ఎవ్వలకు తెల్వలె. గోడకు ఇన్నేండ్లు ఏలాడింది. మా అత్త చచ్చేదాంక దాని కిందనే మంచమేసుకొని పన్నది, ఆమెకూ తెల్వలె. నాకు, ఆయనకే ఎరుక."

"నాకన్న చెప్పక పోతివి అవ్వా," అంది మనుమరాలు.

"చెప్పుదామనే అనుకున్న. పటం పెద్దగైతె నేను గూడ పెద్దగ కనవడ్త గద, గప్పుడు సూపిద్దామనుకున్న. నేను వోయినంక ఇంకొక పటం ఎందుకు, ఇద్దరికి గిదే పెట్టుండ్రి అందామనుకున్న. నాది వేరే ఫోటో ఏడున్నది? ఆధార్ కార్డుల ఉన్నది, గది నేను గాదు." గ్లాసు కింద పెట్టింది. "పాతది తే బిడ్డా. దాంట్ల ఉన్న. సూపిస్త."

నేను మరక అనుకొని తుడిచింది ఈమెను. అరవై ఏళ్ల కింద నల్లటి చెక్క క్యాబిన్ లోపల, నవ్వాపుకొంటూ కూర్చున్న కొత్త కోడలిని. నేను రెండు నిమిషాల్లో తుడిచేసి, ఆమె మీద శుభ్రమైన అద్దం పరిచాను. నిజం చెప్పడానికి అంతకంటే మంచి సమయం లేదు. మనిషి ఎదురుగా ఉంది, సాక్షి జిరాక్సు మిషను దగ్గర ఉంది.

"పాతది లేదమ్మా," అన్నాను. "ఫ్రేము ఇప్పంగనే ముక్కలు ముక్కలయింది. చెమ్మకు లోపల కుళ్లిపోయింది."

"అద్దం తీసినవా?"

"లేదమ్మా. అద్దం నేను ముట్టనే లేదు. దానంతట అదే వోయింది."

మా ఆవిడ తల వంచుకుంది. నేను మాత్రం ఆ ముసలామె కళ్లలోకి చూసే అన్నాను, అంత మొండిగా.

ఆమె నా మణికట్టు మీద మళ్లీ చెయ్యి వేసింది. "పోనీ తియ్యి. నీ తప్పేమున్నది? అది గూడ నాలెక్కనే ముసల్దయిపాయె. ఆయనొక్కడన్న వచ్చిండు, గది సాలు." పటాన్ని అదే చీర ముక్కలో చుట్టుకుంది. మెట్లు దిగుతూ, "సల్లగుండు బిడ్డా," అంది. తిట్టి ఉంటే తట్టుకునేవాణ్ణి.

ఆ రోజు ఇంట్లో మా ఆవిడ అన్నం పెడుతూ అడిగింది. "గట్ల ఎందుకు చెప్పినవు? అద్దం తియ్యొద్దని ఆమె అన్నది నేను గూడ ఇన్న." అన్నం కలిపి, తినలేక, కంచంలోనే చెయ్యి కడుక్కున్నాను.

తర్వాత కొన్ని రోజులు గ్రూపు తెరవబుద్ధి కాలేదు. మెచ్చుకోళ్లు ఇంకా వస్తూనే ఉన్నాయి. లారీ ముందద్దం చూడండి, కడిగినట్టు ఎట్లా మెరుస్తుందో అని ఒకడు రాశాడు. అది చదివి ఫోన్‌ను సొరుగులో పడేశాను. పటాలకు వచ్చిన ఫోటోల మీద కూడా చెయ్యి ఆడలేదు. ప్రతి మరక దగ్గరా ఆగిపోయేవాణ్ణి. నలభై ఏళ్లలో ఇంకా ఎవరెవరిని తుడిచానో అన్న ఆలోచన వచ్చి కుర్చీలోంచి లేచిపోయేవాణ్ణి. ఆ పెళ్లిపందిళ్లలో పక్కన నిలబడ్డవాళ్లు, ఎడ్లబండి మీద సగమే కనిపించిన ఆడవాళ్లు, తల్లి చంక నుంచి తొంగిచూసిన పిల్లలు. వాళ్లు నా చెత్తబుట్టలోకి పోయారు. అడిగినవాళ్లు లేక నేను పనిమంతుణ్ణయ్యాను.

మొదటి రోజు ఉబలాటం కొద్దీ ఫోన్‌తో తీసిన ఫోటో ఒకటి ఉందని గుర్తొచ్చింది అప్పుడే. గ్రూపులో పైకి పైకి జరుపుకుంటూ పోయాను. ఉంది. అది తుడవని ఫోటో. పెద్దది చేసి చూశాను.

లారీ ముందద్దం ఉన్నచోట నేనున్నాను. పాత ఫ్రేము అద్దంలో నా నీడ పడింది. తల వెనక ట్యూబులైటు, మూతికి అడ్డంగా ఫోన్, కళ్లజోడు, దాని పైన ఆశగా లేచిన కనుబొమ్మలు. సరిగ్గా ఆమె కూర్చున్న చోట, కొలిచినట్టు, నేను కూర్చొని ఉన్నాను. ఎంత వెతికినా నా మొహం వెనక ఆమె కనిపించలేదు. నా మొహం మీద నాకంత అసహ్యం ఎప్పుడూ కలగలేదు.

దాన్నే కాగితం మీదికి తీసి, జూరాల కట్ట మీదుగా పోయే బస్సెక్కి అమరచింత పోయాను. దారి పొడవునా అబద్ధానికి ఇంకొక అతుకు వేయవచ్చా అని మనసు వెతుకుతూనే ఉంది. అది కూడా ఒప్పుకుంటున్నాను. వాళ్లుండే సందులో ఏదో ఇంట్లో మగ్గం ఆడుతున్న చప్పుడు. ఆమె గడపలో కూర్చొని చింతపండులో గింజలు తీస్తోంది. నన్ను చూసి నిజంగా సంతోషపడింది. మనుమరాలిని పిలిచి చాయ్ పెట్టమంది. లోపల గోడ మీద నేను చేసిన పటం ఉంది, బొట్టు పెట్టి ఉంది. తళతళలాడే ఖాళీ లారీ.

చాయ్ వచ్చేలోపే చెప్పేశాను. "అమ్మా, నేను అబద్ధం చెప్పిన. అద్దం నేనే తీసిన. నీ పని కోసం గాదు, లారీ నంబరు కోసం తీసిన. నిన్ను మరక అనుకొని తుడిచేసిన. తప్పయింది."

ఆమె చేతిలో చింతగింజలు ఆగాయి. మనుమరాలు చాయ్ గ్లాసుతో గుమ్మంలోనే నిలబడిపోయింది. ఆ పిల్ల నన్ను చూసిన చూపు ఇప్పటికీ నన్ను వదలలేదు.

"తియ్యొద్దంటి గద," అంది ముసలామె, మెల్లగా.

"అన్నవమ్మా."

"గా దినం నీ తప్పులేదని నేనే అంటి గద. ఇనుకుంట నిలవడితివి."

"అవునమ్మా."

తల ఎత్తలేక సంచిలోంచి కాగితం తీసి ఆమె ముందు పెట్టాను. ఇదొక్కటే మిగిలిందని, ఇందులో కూడా నీ మీద నా నీడ పడిందని చెప్పాను. ఆమె దాన్ని గడపలోని వెలుతురుకు తిప్పి పట్టుకుంది. మొహాన్ని కాగితానికి ఆనించినంత దగ్గరగా తెచ్చి చూసింది. ఆమె చూస్తున్నంతసేపూ నేను నేలమీది చింతగింజలు చూస్తూ కూర్చున్నాను.

"గీడ గూసున్నది నువ్వేనా?"

"నేనే అమ్మా."

"దిగు బిడ్డా. గది నా జాగ."

గొంతులో కోపం లేదు. బస్సులో తన సీట్లో కూర్చున్నవాడితో అన్నంత మామూలుగా అంది. దిగలేనని చెప్పాల్సి వచ్చింది. "నన్ను తుడిస్తే ఆడ ఏం మిగలదమ్మా. నా కింద నువ్వు ఏ కొంచెమున్నా గది గూడ వోతది."

ఆమె ఆ మాట వినిపించుకోనట్టే ఉంది. వేలు నా గడ్డం కింద ఒకచోట ఆనించింది. "గిదేంది మరి?"

చూశాను. నా గడ్డానికి కింద, లారీ స్టీరింగుకు పక్కగా, తెల్లటి చిన్న చార. ఫ్రేము మీది గీత అనుకున్నాను. ఎన్నోసార్లు అదే ఫోటో చూసిన నాకు అది గీత. ఆమె తన ఎడమ చెయ్యి ముందుకు చాపి, లారీ ముందరి చెక్క మీద ఆనించినట్టు పెట్టి చూపింది. వేళ్లు అట్లాగే ఉన్నాయి. మణికట్టు దగ్గర గాజుల వరస అట్లాగే ఉంది.

"నా చెయ్యి," అంది మనుమరాలితో. "సూడే. గుంతలు వస్తయి, గట్టిగ పట్టుకో అన్నడు మీ తాత. లారీ ఆగినంక గూడ నేను పట్టు ఇడ్వలె."

ఆ పిల్ల ఏడ్చింది. ముసలామె ఏడవలేదు. కాగితం ఒళ్లో పెట్టుకొని, నా మొహం ఉన్న చోటును కాసేపు బొటనవేలితో కప్పి చూసింది, తీసి చూసింది.

"నువ్వు దిగితె నా చెయ్యి వోతదంటివి?"

"వోతదమ్మా."

"అయితె ఉండు," అంది. "జర జరిగి గూసో."

పెద్దల అమావాస్య నాడు పొద్దున్నే ఆ ఫోటోనే పటం కట్టి తీసుకుపోయాను. ఒక్క చుక్క తుడవలేదు, ఒక్క రంగు అద్దలేదు. అద్దం కూడా వేయొద్దంది, వేయలేదు. మొదటి పటం తీసి నాకిచ్చి, మేకు మీద ఇది తగిలించమంది. తగిలించాను. బియ్యం, కూరగాయలు ముందు పెట్టి, బంతిపూల దండ వేసింది. దండ డ్రైవరు మీదుగా, ఆమె చెయ్యి మీదుగా, నా కళ్లజోడు మీదుగా వేలాడింది. ఆ ఇంటివాళ్లు ఒక్కొక్కరే వచ్చి దండం పెట్టుకున్నారు. ఎవరో చిన్నపిల్ల ఈయనెవరు అని పటంలో నన్ను చూపించి అడిగింది. నేను బయట పందిట్లో, వాళ్ల మాట నాకు వినబడేంత దూరంలోనే ఉన్నాను.

"ఆయన ఫోటోలాయన," అంది ముసలామె. "ఇంకేడ జాగ లేకుంటె మాతోని ఎక్కిండు."